కరెంటు బండిని గురించి మనవారి అభిప్రాయాలు

ఒక కొత్త వస్తువు ఊరిలోనికి వచ్చినప్పుడు ముందుగా దానికొక పేరు ఏర్పడుతుంది. అభిప్రాయం తరువాత ఏర్పడుతుంది. పత్రికలు విద్యుత్ వాహనమని వ్రాసే దానిని మెట్‌పల్లి బజారులో ‘కరెంటు బండి’ అనీ, ‘ఛార్జింగు బండి’ అనీ అంటున్నారు. మా ఉర్దూ మాధ్యమ విద్యార్థుల ఇండ్లలో అది ‘బ్యాటరీ గాడీ’. ఈ మూడవ పేరే విషయానికి దగ్గరగా ఉన్నదని మేము తలుస్తాము. ఏలయన, ఈ బండిని మెచ్చేవారైనా, శంకించేవారైనా చివరకు మాట్లాడేది బ్యాటరీని గురించే.

చర్చకు ముందు మూడు తరగతులను వేరుచేసి తెలుసుకోవాలి. కేవలం బ్యాటరీతో నడిచేది మొదటిది. పెట్రోలు ఇంజను, విద్యుత్ మోటారు రెండూ కలిగి, బయటి నుండి కరెంటు తీసుకోకుండా, ఇంజను వలనను, బ్రేకు వేసినప్పుడు వ్యర్థమయ్యే శక్తి వలనను బ్యాటరీని నింపుకొనేది హైబ్రిడ్. జపానులో 1997లో వెలువడిన టొయోటా ప్రియస్ కారుతో ఇది లోకప్రసిద్ధమైంది. ఈ రెంటికి నడుమ నిలిచేది ప్లగ్-ఇన్ హైబ్రిడ్. దీని బ్యాటరీ పెద్దది. ఇంటి ప్లగ్గుతో నింపుకోవచ్చు. కొంత దూరం కరెంటుతో పోయి, అది తీరినాక పెట్రోలుతో సాగుతుంది. చైనాకు చెందిన బి.వై.డి. కంపెనీ 2008లో ఇట్టి కారును అమ్మకానికి తెచ్చింది. మన దేశంలో మొదటి తరగతి స్కూటర్లు, ఆటోల రూపంలో చిన్న పట్టణాల దాక వచ్చింది. మూడవది మాత్రం ఖరీదైన విదేశీ కార్లకే దాదాపు పరిమితమైపోయింది.

కరెంటు బండిని మెచ్చేవారి వాదం లెక్కతో మొదలవుతుంది. కావున మనమూ లెక్క వేసి చూద్దాము. ఇబ్రహీంపట్నం, మల్లాపూర్ మండలాల గ్రామాల నుండి పనికై మెట్‌పల్లికి వచ్చిపోయే ఒక వ్యక్తి రోజుకు 40 కిలోమీటర్లు తిరుగుతాడనుకుందాము. నెలకు 1,200 కిలోమీటర్లు. లీటరుకు 45 కిలోమీటర్లు ఇచ్చే స్కూటరుకు సుమారు 27 లీటర్లు కావాలి. లీటరు నూరు రూపాయలని తక్కువగా కట్టినా 2,700 రూపాయలు. మూడు యూనిట్ల బ్యాటరీ గల కరెంటు స్కూటరు ఒక ఛార్జికి 80 కిలోమీటర్లు పోతే రోజు విడిచి రోజు నింపాలి. వృథాతో కలిపి మూడున్నర యూనిట్లు చొప్పున నెలకు 52 యూనిట్లు. యూనిటు ఎనిమిది రూపాయలైనా 416 రూపాయలే. నెలకు రెండు వేలకు పైగా మిగులుతున్నది. ఇది కిస్తులో పెద్ద భాగం. అయితే ఇదే లెక్కను రోజుకు ఐదు కిలోమీటర్లు మాత్రమే తిరిగే దుకాణదారునికి వర్తింపజేస్తే నెలకు మూడు వందలు కూడ మిగలవు. ఒకే బండిని గురించి ఒకరు ‘లాభం’ అనీ, మరొకరు ‘దండుగ’ అనీ అంటే ఇద్దరూ నిజమే చెబుతున్నారన్నమాట.

ఈ లెక్కలో మరొక మెలిక ఉన్నది. 2024 మార్చి నుండి అమలుకు వచ్చిన గృహజ్యోతి పథకంలో అర్హత గల కుటుంబానికి నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు ఉండదు. ఆ హద్దు దాటిన నెల మొత్తం బిల్లు కట్టవలసిందే. ఇంటిలో 150 యూనిట్లు వాడుకొనే కుటుంబం పై స్కూటరును కొంటే 202 యూనిట్లవుతుంది! రెండు యూనిట్ల కొరకు మొత్తం బిల్లు. వేసవిలో కూలరు నడిస్తే చెప్పనక్కరలేదు. అద్దె ఇంటిలో ఒకే మీటరుపై రెండు కుటుంబాలుంటే ఇంటి యజమాని ‘బండిని ఇక్కడ ఛార్జి పెట్టవద్దు’ అనడం ఇందువల్లనే. అమ్మేవాని కాగితంలో ఈ లెక్క ఉండదు. గృహిణికి మాత్రం తెలుసు.

ఇక భయం. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో రాత్రివేళ ఇంటి గదిలో ఛార్జింగు పెట్టిన స్కూటరు బ్యాటరీ ప్రేలి ఒక వృద్ధుడు మరణించాడు. అదే సంవత్సరం సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో విద్యుత్ స్కూటర్ల షోరూమున్న భవనంలో మంటలు లేచి, పొగ పైనున్న హోటలులోనికి వ్యాపించి ఎనిమిదిమంది ప్రాణాలు కోల్పోయారు. మెట్‌పల్లికి నిజామాబాద్ దూరమేమీ కాదు; ఆ వార్త ఇచ్చట ఇంటింటా చెప్పుకొన్న వార్త. దానిని చదువురానివారి భయమని కొట్టివేయడం న్యాయం కాదు. ఆ భయానికి ప్రభుత్వమే ప్రమాణమిచ్చింది: బ్యాటరీ భద్రతకు సంబంధించిన ఎ.ఐ.ఎస్.-156 నిబంధనలను కఠినతరం చేసి 2022 డిసెంబరు 1 నుండి ఒక దశ, 2023 మార్చి 31 నుండి రెండవ దశ అమలు జరిపింది. అందువల్ల అంతకు ముందు తయారైన బండిని పాతదిగా కొనేవారు తయారైన తేదీని తప్పక చూడాలి. ఎండాకాలం నలుబది అయిదు డిగ్రీలు దాటే మన ప్రాంతంలో లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం బ్యాటరీ నికెల్ రకం కంటె వేడిని మెరుగుగా ఓర్చుకొంటుందన్నది కూడ తెలుసుకోదగినది. దానికి బరువెక్కువ.

మేము తరచుగా వినే ఫిర్యాదు మంటలను గురించి కాదు, మరమ్మతును గురించి. పెట్రోలు బండి చెడిపోతే చెట్టు క్రింది మెకానిక్కు బాగుచేస్తాడు. కరెంటు బండి చెడిపోతే కంపెనీవాని కంప్యూటరు కావాలి. విడిభాగం కొరకు వారాలు వేచిచూడాలి. ఈ బాధ మన ఊరికే పరిమితం కాదు. 2023 సెప్టెంబరు నుండి 2024 ఆగస్టు వరకు ఓలా ఎలక్ట్రిక్ కంపెనీపై జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 10,644 ఫిర్యాదులందగా, 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ నోటీసు ఇచ్చింది. తొంబది తొమ్మిది శాతానికి పైగా పరిష్కరించామని కంపెనీ సమాధానమిచ్చింది. ఆ సహాయ కేంద్రపు ఫోను సంఖ్య 1915 అని మన విద్యార్థులలో ఎందరికి తెలుసునో సందేహమే.

ధరను గురించిన అభిప్రాయాలు ప్రభుత్వ ఉత్తర్వులతో మారుతూ వచ్చాయి. 2021 జూన్‌లో యూనిటు బ్యాటరీకి 15,000 రూపాయలకు పెంచిన కేంద్ర రాయితీని 2023 జూన్‌లో 10,000కు, 2024 ఏప్రిల్‌లో 5,000కు తగ్గించారు. మన రాష్ట్రం 2024 నవంబరు 18 నుండి విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషను రుసుము పూర్తిగా మినహాయించి, 2026 డిసెంబరు 31ని గడువుగా నిర్ణయించింది. మరొకవైపు 2025 సెప్టెంబరు 22న సాధారణ పెట్రోలు స్కూటర్లపై జి.ఎస్.టి. 28 నుండి 18 శాతానికి దిగింది. కరెంటు బండిపై ఐదు శాతమే కొనసాగింది. ఈ హెచ్చుతగ్గులను చూచినవారు ‘ఇంకా కొంతకాలం ఆగుదాము’ అంటున్నారంటే ఆశ్చర్యం లేదు.

కార్ల విషయంలో మన ప్రాంతానికొక ప్రత్యేకత ఉన్నది. దుబాయి నగరంలో 2008లోనే హైబ్రిడ్ కార్లను ట్యాక్సీలుగా పరీక్షించి, తరువాత విస్తరింపజేశారు. గల్ఫులో ట్యాక్సీ నడిపి వచ్చిన మనవారు హైబ్రిడ్‌ను గురించి చెప్పే మాట పత్రికా ప్రకటనల కంటె విలువైనది. వారు లక్షల కిలోమీటర్లు నడిపి చెబుతున్నారు. మెట్‌పల్లి నుండి హైదరాబాదు సుమారు రెండు వందల కిలోమీటర్లు. ఆసుపత్రికో, విమానాశ్రయానికో అర్ధరాత్రి బయలుదేరవలసిన కుటుంబం దారిలో ఛార్జింగు దొరుకునా అని ఆలోచిస్తుంది. ఊరిలో కరెంటుతో, దూరానికి పెట్రోలుతో నడిచే ప్లగ్-ఇన్ హైబ్రిడ్ ఇట్టి ఇంటికి సరిగ్గా సరిపోయేది. అది అందుబాటు ధరలో రాకపోవడం, రాష్ట్రపు పన్ను మినహాయింపు పూర్తి విద్యుత్ వాహనాలకే వర్తించడం లోపమని మా అభిప్రాయం. 2024 సెప్టెంబరు చివర కరీంనగర్ నుండి ఆర్.టి.సి. విద్యుత్ బస్సులు హైదరాబాదుకు బయలుదేరిన పిదప దూరప్రయాణపు శంక కొంత తగ్గిందన్నది వాస్తవమే. అయితే బస్సుకు డిపోలో ఛార్జరున్నది. ఇంటికారుకు డిపో లేదు.

‘కరెంటు మాత్రం బొగ్గుతోనే కదా’ అని విద్యార్థులు అడుగుతారు. నిజమే. 2,600 మెగావాట్ల రామగుండం కేంద్రం సింగరేణి బొగ్గును కాల్చేదే. అక్కడి జలాశయంపై 2022లో పూర్తయిన తేలే సౌర ఫలకాలు 100 మెగావాట్లు. అయినను పొగ మన బజారులో పిల్లల ముక్కుల వద్ద వెలువడకపోవడం చిన్న విషయం కాదు.

చివరగా ఒక భాషా విషయం. వినియోగదారుడు అనే మాట పుంలింగం. తండ్రి కొంటాడు, కిస్తు కడతాడు, అభిప్రాయమూ ఆయననే అడుగుతారు. కాని పల్లె నుండి కళాశాలకు ఆ స్కూటరుపై వచ్చేది కూతురు. 250 వాట్లకు మించని మోటారు, గంటకు 25 కిలోమీటర్లకు మించని వేగం గల బండికి లైసెన్సు అక్కరలేదని చాలామంది ఆడపిల్లలకు అదే కొనిస్తున్నారు. వారిని అడిగితే వేరొక సమాధానం వస్తుంది. పెట్రోలు డబ్బులకు ప్రతి వారం చేయి చాచవలసిన పని లేదు, బంకులో మగవారి వరుసలో నిలబడవలసిన పని లేదు అని సంతోషం. పెట్రోలైతే దారిలోని కిరాణా దుకాణంలో సీసాతో దొరుకుతుంది, ఛార్జి అయిపోతే సీసాతో ఎవరు తెచ్చిస్తారని చింత. కళాశాల సైకిలు షెడ్డులో నాలుగు ప్లగ్గులు పెట్టిస్తే ఆ చింత తీరుతుందని వారన్నారు. ఆ విన్నపాన్ని కళాశాల కమిటీ పెద్దల ముందు ఉంచుతున్నాము.