ప్రయాణంలో నగదు మార్పిడి నియమాలు

హైదరాబాద్ నుంచి ఇరాక్‌లోని కర్బలా, నజఫ్, బగ్దాద్ నగరాలకు వెళ్ళివచ్చేవారు చాలామందే ఉన్నారు. అక్కడి బజార్లలో ఇప్పటికీ నగదుదే పెత్తనం. టాక్సీకి, రొట్టెకు, చిన్న హోటల్లో బసకు నోట్లే ఇవ్వాలి. అందుకే మనవాళ్ళు డాలర్లు వెంట తీసుకువెళ్ళి ఇరాకీ దీనార్లుగా మార్చుకుంటారు. ఖస్ర్ నమాజు గురించి అడిగి తెలుసుకుని బయలుదేరేవారు సైతం ఈ మార్పిడి నియమాలు అడగరు. నిజానికి ఇది కూడా క్రయవిక్రయమే. ధర్మశాస్త్రంలో దీని పేరు 'సర్ఫ్'. ఆ పని చేసేవాడు సర్రాఫ్. మన 'షరాబు' అనే మాట అక్కడి నుంచి వచ్చిందే.

ఇరాక్ ప్రభుత్వం 2023 ఫిబ్రవరిలో డాలరుకు 1,300 దీనార్లుగా అధికారిక రేటు నిర్ణయించింది. బజారు రేటు వేరుగా ఉంటుంది. అధికారిక లెక్కన 100 డాలర్లకు 1,30,000 దీనార్లు రావాలి. అంటే 25,000 నోట్లు అయిదు, 5,000 నోటు ఒకటి. సున్నాలు చూసి కంగారుపడకుండా అక్కడే లెక్కపెట్టుకోవాలి.

షరాబు "ప్రస్తుతం లక్ష తీసుకోండి, మిగతాది ఇషా తర్వాత ఇస్తాను" అన్నాడనుకోండి. ఒప్పుకోవచ్చా?

సహీహ్ బుఖారీలో ఒక సంఘటన ఉంది. మాలిక్ బిన్ ఔస్ వంద బంగారు దీనార్లు మార్చుకోవాలనుకున్నారు. హజ్రత్ తల్హా (రజి) బేరం కుదుర్చుకుని, బంగారాన్ని చేతిలోకి తీసుకుని, తమ ఖజానాదారు గాబా నుంచి వచ్చేదాకా ఆగమన్నారు. అది విన్న హజ్రత్ ఉమర్ (రజి), వెండి చేతికి అందేవరకు ఆయన్ని విడిచి వెళ్ళవద్దని మాలిక్‌ను ఆపారు. చేతికి చేయి ఇచ్చిపుచ్చుకోని మార్పిడి వడ్డీ అవుతుందన్న ప్రవక్త (స) బోధనను గుర్తుచేశారు. గమనించండి, తల్హా (రజి) నిజాయితీని అక్కడ ఎవరూ అనుమానించలేదు. నియమం మనిషిని బట్టి మారదు. 1986లో అమ్మాన్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ కాగితపు నోట్లకు కూడా బంగారం, వెండి నియమాలే వర్తిస్తాయని తీర్మానించింది. కనుక షరాబు దగ్గర ఎన్ని దీనార్లుంటే అంతమేరకే మార్చుకుని, మిగిలిన డాలర్లు వెనక్కి తీసుకోవాలి.

చిరిగిన, మరకలున్న డాలరు నోటును అక్కడ తీసుకోరు, లేదా తగ్గించి తీసుకుంటారు. పాత 100 డాలర్ల నోటిచ్చి మంచి 95 డాలర్లు పుచ్చుకోవడం ధర్మసమ్మతం కాదు. ఒకే నాణెం సమానంగానే మారాలి. అదే నోటును తక్కువ రేటుకు దీనార్లలోకి మార్చుకోవచ్చు. హజ్రత్ బిలాల్ (రజి) నాసిరకం ఖర్జూరాలు రెండు సాలు ఇచ్చి మేలురకం ఒక సా తెచ్చినప్పుడు ప్రవక్త (స) చూపిన దారి ఇదే: ముందు నాసిరకాన్ని అమ్మి, ఆ సొమ్ముతో మంచివి కొనుక్కోవాలి.

ఇక తోటి ప్రయాణీకుల మధ్య అప్పు. "ఇప్పుడు వంద డాలర్లు ఇవ్వు, ఇంటికెళ్ళాక ఇన్ని రూపాయలిస్తాను" అని రేటు ముందే ఖాయం చేసుకోకూడదు. తీసుకున్నది డాలర్లయితే బాకీ డాలర్లే. రూపాయల్లో తీర్చాలని ఇద్దరూ ఇష్టపడితే, తీర్చే రోజు రేటు ప్రకారం, ఆ లెక్కలో ఏమీ మిగలకుండా తీర్చాలి. ఒంటెలు దీనార్లకు అమ్మి దిర్హములు పుచ్చుకునే హజ్రత్ ఇబ్ను ఉమర్ (రజి)కు ప్రవక్త (స) ఈ షరతులపైనే అనుమతినిచ్చారని అబూ దావూద్‌లో ఉంది. బాకీని రాసుకోమని బఖరా సూరా 282వ ఆయతు ఆదేశం. ఆ చీటీలో రూపాయలు కాదు, 'వంద డాలర్లు' అనే రాయాలి.