సంఘం ఫీజు ఎవరి పైసలు?

మీ చందాతో మన ఇబ్రహీంపట్నం పిల్లలు యూనివర్సిటీలో చేరితే, ఫీజు రసీదు చివరి దాకా చదవమని చెబుతుంటాం. ట్యూషన్ ఫీజు కింద ఆటలకు, ఉత్సవాలకు, విద్యార్థి సంఘానికి చిన్న మొత్తాలు చాలాచోట్ల ఉంటాయి.

ఉస్మానియాలో దశాబ్దాలుగా సంఘం ఎన్నికలు లేవు. ఖర్చు అధికారుల చేతిలోనే. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఎన్నికైన సంఘం ఉంది, సుకూన్ ఉత్సవం అదే నడుపుతుంది.

అమెరికాలో చాలా యూనివర్సిటీల్లో క్లబ్బుల అర్జీలు చూసి ఫీజు డబ్బు పంచేది విద్యార్థి సంఘమే. నచ్చని క్లబ్బుకు మా పైసలెందుకని విస్కాన్సిన్ విద్యార్థులు కోర్టుకెక్కారు. వసూలు చేయవచ్చు గానీ, పంచేటప్పుడు ఎవరి అభిప్రాయం ఏమిటని చూడరాదని అక్కడి సుప్రీంకోర్టు 2000లో తేల్చింది. ఎక్కువమంది ఓటేశారని కొద్దిమంది క్లబ్బుకు పైసలు ఆపితే ఆ నియమం నిలవదు. మాకు నచ్చింది ఇదే.

మన సుప్రీంకోర్టు 2006లో అమలు చేయమన్న లింగ్డో కమిటీ సిఫార్సుల ప్రకారం అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటరాదు, ఫలితాలొచ్చిన రెండు వారాల్లో లెక్కలివ్వాలి. గెలిచాక సంఘం పెట్టే ఖర్చుకూ అంత పట్టింపు ఉండాలని అడగమనే మన పిల్లలకు చెబుతున్నాం.