సీ అర్చిన్ ఎదుగుదల: పరిసరాలను కొలిచే చదువు, దాని వెంట ఉద్యోగాలు

సముద్ర జీవశాస్త్రం చదవాలనుకునే విద్యార్థుల ఆలోచన సాధారణంగా చేపలు, రొయ్యల దగ్గరే ఆగిపోతుంది. పరిసరాల్లో వచ్చే మార్పు ఒక జీవి ఎదుగుదలను ఎలా శాసిస్తుందో తెలుసుకోవడానికి మాత్రం శాస్త్రవేత్తలు వందేళ్లకు పైగా సీ అర్చిన్‌ను ఆశ్రయిస్తున్నారు. నక్షత్ర చేపలతో పాటు ఇఖైనోడెర్మేటా వర్గానికి చెందిన ఈ ముళ్ల జీవి విశాఖపట్నం తీరపు రాళ్ల సందుల్లోనూ కనిపిస్తుంది.

సీ అర్చిన్‌కు పొటాషియం క్లోరైడ్ ద్రావణాన్ని కొద్దిగా ఎక్కిస్తే దాని పైభాగంలోని 5 సన్నని రంధ్రాల నుంచి అండాలో శుక్రకణాలో వెలువడతాయి. వాటిని బీకరులో కలిపితే ఫలదీకరణం నుంచి డింభకం వరకు ప్రతి దశనూ మైక్రోస్కోపు కింద చూడవచ్చు. పారదర్శకమైన ఆ డింభకం చేతులను సన్నని కాల్షియం కార్బొనేట్ కడ్డీలు నిలబెడతాయి. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరిగి సముద్రపు నీటి పీహెచ్ తగ్గడాన్ని సముద్ర ఆమ్లీకరణం అంటారు. అప్పుడు కార్బొనేట్ అయాన్లు తగ్గడమే కాక, ఒంట్లోని ఆమ్ల, క్షారాల సమతుల్యతను నిలుపుకోవడానికే శక్తి ఖర్చవుతుంది గనుక, అనేక ప్రయోగాల్లో డింభకాలు పొట్టిగా మిగిలాయి. లవణీయత, అంటే నీటిలోని ఉప్పు శాతం, బాగా పడిపోయినా ఈ జీవి తట్టుకోలేదు. ఒంట్లోని ద్రవాల ఉప్పదనాన్ని వేరుగా నియంత్రించుకునే ఏర్పాటు దానికి లేదు. ఉష్ణోగ్రత సంగతి వేరు: ఒక హద్దు వరకు పెరిగితే ఎదుగుదల వేగవంతమవుతుంది, హద్దు దాటితే కుంటుపడుతుంది.

అయితే పరిసరం అంటే నీరొక్కటే కాదు, తిండి కూడా. ఉత్తర కాలిఫోర్నియా తీరంలో 2013లో మొదలైన వ్యాధితో అర్చిన్లను తినే సన్‌ఫ్లవర్ నక్షత్ర చేపలు కనుమరుగై, 2014-16 మధ్య సముద్రం వేడెక్కి, కెల్ప్ అనే పెద్ద నాచుమొక్కల అడవి 90 శాతానికి పైగా అంతరించింది. కెల్ప్‌ను తినే ఊదా అర్చిన్లు మాత్రం తిండి కరవైనా చావలేదు. బీజాంగాలు కుంచించుకుపోయి, ఆకలితోనే బతుకుతున్నాయి. కరవులో ఎదిగిన అర్చిన్‌లో, ఒంటితో పోలిస్తే, అరిస్టాటిల్ లాంతరు అని పిలిచే నోటి పరికరం పెద్దదిగా ఉంటుంది. వెర్నియర్ కాలిపర్‌తో పట్టుకోగల ఈ తేడా ఆ జీవి ఎదుర్కొన్న ఆకలికి సాక్ష్యం.

అందుకే ఈ రంగంలోకి రాదలచినవారికి జంతుశాస్త్రంతో పాటు రసాయనశాస్త్రం, గణాంకశాస్త్రం తప్పనిసరి. పీహెచ్, క్షారత, ఉష్ణోగ్రత ఒకేసారి మారినప్పుడు దేని ప్రభావం ఎంతో విడదీయలేనివారి ప్రయోగం ఎవరికీ ఉపయోగపడదు. ఊదా అర్చిన్ జన్యుక్రమం 2006లోనే వెలువడింది కాబట్టి బయోఇన్ఫర్మాటిక్స్ తెలిసినవారికీ చోటుంది. డిగ్రీలో జంతుశాస్త్రం చదివినవారికి ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని మెరైన్ లివింగ్ రిసోర్సెస్ విభాగం, కొచ్చిన్ శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయం, పరంగిపేటలోని అన్నామలై విశ్వవిద్యాలయ కేంద్రం పరిశీలించదగినవి. సీఎస్‌ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్‌లో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) సాధిస్తే నెలకు రూ.37,000తో పరిశోధన చేయవచ్చు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థకు, జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు విశాఖలోనే ప్రాంతీయ కేంద్రాలున్నాయి.

భారతదేశంలో అర్చిన్లకే పరిమితమైన ఉద్యోగాలు అరుదన్నది దాచవలసిన విషయం కాదు. కానీ వాటి కోసం నేర్చుకున్న టైట్రేషన్, లవణీయత పరీక్ష, డింభకాల లెక్కింపు ఆంధ్రప్రదేశ్ తీరం వెంట ఉన్న రొయ్యల హేచరీల ల్యాబుల్లో రోజూ జరిగే పనులే. పరిశోధనకు సీటు దొరికే లోపు అక్కడ ఏడాది పనిచేసిన అభ్యర్థి, నీటి ట్యాంకు ముందు నిలబడి మాట్లాడగల అనుభవంతో ఇంటర్వ్యూకు వెళ్తాడు.