బలహీనుని అడుగును బట్టి నడచుట

చదువవలసిన భాగములు: ఆదికాండము 33:12–14, 1 రాజులు 19:1–8, లూకా 24:13–35



సికింద్రాబాదు రైలు స్టేషను 1874లో ఏర్పడినది. అంతటి పాత స్టేషను 2020 మార్చి 22న ప్రయాణికుల రైళ్లు లేక మూగబోయెను. కరోనా వ్యాధి నిమిత్తము మార్చి 25 నుండి దేశమంతయు లాక్‌డౌను వచ్చెను. కట్టడపు పనులు ఆగెను, కూలి ఆగెను. ఆకలి మాత్రము ఆగలేదు. అప్పుడు బీహారు, జార్ఖండు, ఛత్తీస్‌గఢ్ మొదలగు దూరదేశములనుండి వచ్చిన కూలీలనేకులు మూటలు నెత్తిన పెట్టుకొని, బిడ్డలను చంకనెత్తుకొని ఇంటిదారి పట్టిరి.

బోయిన్‌పల్లి, మేడ్చల్, తూప్రాన్, కామారెడ్డి, నిర్మల్, ఆదిలాబాదుల మీదుగా పోవు 44వ నంబరు రహదారి మనలో చాలమంది ఎరిగినదే. ఆ దారిన సికింద్రాబాదు నుండి నాగపూరునకు సుమారు 500 కిలోమీటర్లు. దినమునకు 30 కిలోమీటర్లు నడచినను పదునేడు దినములు పట్టును. అక్కడికి చేరినను వారిలో అనేకులకు ఇల్లు ఇంకను దూరమే. మే 1న తెల్లవారుజామున లింగంపల్లి నుండి జార్ఖండులోని హటియాకు సుమారు 1,200 మందితో మొదటి ప్రత్యేక రైలు కదలెను. అది కదలువరకును, ఆ తరువాతను, ఎంతోమందికి తమ కాళ్లే బండి అయ్యెను.

ఇట్టి నడకలో స్నేహితుడనగా ఎవడు? ఈ మాసము మన పాఠము ఇదే.

1. తోడును విడిచినవాడు

యెజెబెలు బెదిరింపునకు భయపడి ఏలీయా పారిపోయెను. బెయేర్షెబాలో తన దాసుని విడిచిపెట్టి, ఒంటరిగా ఒక దినప్రయాణము అరణ్యములోనికి పోయెను. ఆ సాయంకాలమునకే చావు కోరుకొనెను. కర్మెలు మీద నిలిచిన మహాప్రవక్త, తోడు లేని ఒక్క దినపు నడకతో కూలిపోయెను!

దేవుడు అతనికి మొదట ఉపదేశము పంపలేదు. నిద్ర ఇచ్చెను, దూతచేత తట్టి లేపించెను, రొట్టెయు నీళ్లును ఇచ్చెను. రెండవసారియు అట్లే చేసెను. ప్రయాణము నీ శక్తికి మించినదని దూత ఒప్పుకొనెనే గాని, నీ విశ్వాసము చాలదని గద్దించలేదు. అలసినవానికి తోడుగా నుండువాడు దీనిని నేర్చుకొనవలెను. బొబ్బలెక్కిన కాళ్లకు వాక్యము చెప్పుటకు ముందు నీళ్లు పోయవలెను. ఉప్పు వేసిన గంజి ఒక ముంత, చెట్టునీడ ఒక గడియ – ఇదియు పరిచర్యయే.

2. అడుగు తగ్గించుకొన్నవాడు

ఏశావు తన తమ్ముని క్షమించి, కలిసి పోవుదము రమ్మనెను. అతనితో నాలుగువందల మంది బలవంతులుండిరి. యాకోబు ఏమనెను? పిల్లలు పసివారు, పాలిచ్చు పశువులున్నవి, ఒక్క దినము మితిమీరి తోలినను మంద చచ్చును. గనుక నేను వారి నడకకు తగినట్లు మెల్లగా వచ్చెదననెను. అప్పటికి యాకోబు తానే కుంటుచు నడచుచుండెను (ఆది. 32:31). కుంటువానికే మెల్లగా నడచుటలోని మర్మము తెలియును.

గొఱ్ఱెలు కాయువారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు. గుంపుగా నడచువారిలో బలహీనుడు వెనుక పడిన ఏమగును? ముందున్నవారు ఆగి కూర్చుండి అతని కొరకు కనిపెట్టుదురు. అతడు వచ్చి చేరగానే, వచ్చితివా, పదమని లేచుదురు. బలవంతులకు విశ్రాంతి దొరకెను, బలహీనునికి దొరకలేదు. కాబట్టి మెల్లగా నడచువానినే ముందు ఉంచవలెను. అతని అడుగే అందరి అడుగు కావలెను.

2020 ఏప్రిల్ నెలలో, మిరపతోటల పనికి మన తెలంగాణమునకు వచ్చిన ఛత్తీస్‌గఢ్ బాలిక యొకతె తన వారితో కూడ స్వగ్రామమునకు నడచెను. ఆమెకు 12 ఏండ్లు. రాజమార్గమున పోవ వీలులేక వారు అడవి త్రోవ పట్టిరి. మూడు దినములు నడచి, ఇల్లు చేరకమునుపే ఆ బిడ్డ త్రోవలో కన్నుమూసెను. ఆమెతో నడచినవారిని నిందించుటకు మనకు నోరు లేదు. వారు ఆమెను విడిచిపోలేదు. కాని బీదల స్నేహము ఎంత గొప్పదైనను, త్రోవ ప్రక్కనున్నవారు చేయవలసినదానిని అది ఒక్కటే చేయజాలదు.

3. తలుపు తీసినవారు

యెరూషలేమునుండి ఎమ్మాయునకు ఆమడ దూరము ఇద్దరు శిష్యులు దుఃఖముతో నడచుచుండిరి. ప్రభువు వారిని దాటి పోలేదు. వారితో కలిసి నడచుచు, సంగతి ఏమని అడిగి, వారు చెప్పినదంతయు వినెను. ఆయన ఎవరో వారెరుగరు. అయినను ప్రొద్దు గ్రుంకుచున్నదని, ఆ పరదేశిని తమయొద్ద ఉండుమని బలవంతము చేసిరి. రొట్టె విరిచినప్పుడు గదా కన్నులు తెరువబడెను! తలుపు మూసియుండిన యెడల, తమతో నడచినవాడెవరో ఆ రాత్రి వారికి తెలిసియుండునా?

2020 మార్చిలో మన ప్రాంతమున అనేక గ్రామములవారు పొలిమేరలో ముళ్లకంపలు వేసి దారి మూసిరి. వ్యాధి నిజమైనది. ముసలివారిని, బిడ్డలను కాపాడుకొనవలెనను తలంపు పాపము కాదు. కాని కంపకు ఆవల ఒక కడవ నీళ్లు, ఒక గంప రొట్టెలు పెట్టుటకు ఏ వ్యాధి అడ్డుపడెను? ఆ దినములలోనే రహదారి ప్రక్కన అన్నపు పొట్లములు, మజ్జిగ, చెప్పులు పంచినవారును ఉండిరి. వారును భయమెరిగినవారే. భయము ఇరువురికిని ఒక్కటే. కంపకు ఆవల ఏమి పెట్టితిమన్నదే భేదము.

ప్రియులారా, నడక అనగా కాలినడక మాత్రమే కాదు. దీర్ఘవ్యాధి, అప్పు, విధవరాలి మొదటి సంవత్సరము – ఇవియు దూరపు దారులే. మన సంఘములో నేడు వెనుకబడి నడచుచున్నవారు ఎవరు? వారు వచ్చి చేరగానే మనము లేచి పోవుచున్నామా?

ఆలోచించుటకు ప్రశ్నలు

1. ఏలీయాకు దేవుడు మొదట ఇచ్చినదేమి? మనము అలసినవారికి మొదట ఇచ్చునదేమి?
2. మన కూటములు, చందాలు, పండుగలు ఎవరి అడుగును బట్టి నడచుచున్నవి – బలవంతునిదా, బలహీనునిదా?
3. 2020లో మన ఊరి దారిన పోయినవారికి మనము ఏమి చేసితిమి? మరల అట్టి దినము వచ్చిన యెడల ఏమి చేయుదుము?

ప్రార్థన: ఎమ్మాయు దారిన దుఃఖితులతో మెల్లగా నడచిన ప్రభువా, మా వడిని తగ్గించుము. వెనుకబడినవారిని మా ముందు ఉంచుము. మా గుమ్మము దాటిపోవు పరదేశియందు నిన్ను చూచు కన్నులు మాకు దయచేయుము. ఆమేన్.