పట్టపగలు లైటెందుకు?

"అన్నా, లైట్!" పగలు బైక్ మీద వెళ్తుంటే ఎదురొచ్చేవాళ్లు చెయ్యి ఆడించి చెప్పే మాట ఇది. మన దేశంలో 2017 ఏప్రిల్ 1 నుంచి తయారైన బైకులకు ఇంజన్ స్టార్ట్ కాగానే హెడ్‌లైట్ దానంతటదే వెలుగుతుంది. స్వీడన్‌లో పగటి లైట్ల రూలు 1977లోనే వచ్చింది.

ఈ లైటు మనకు దారి కనపడటానికి కాదు, మనం ఎదుటివాళ్లకు కనపడటానికి. చిన్న లెక్క చూద్దాం. రెండు బండ్లు గంటకు 60 కి.మీ. వేగంతో ఎదురెదురుగా వస్తే, మధ్య దూరం సెకనుకు 33 మీటర్లు తగ్గుతుంది. అంటే 100 మీటర్లు మూడే సెకన్లు! ఓవర్‌టేక్‌కి దిగబోయే లారీ డ్రైవర్ మనల్ని ఒక్క సెకను ముందు చూస్తే ఆగిపోవచ్చు.

బ్యాటరీ మిగులుతుందని లైటుకి విడిగా స్విచ్ పెట్టించుకున్నవాళ్లు మనలోనూ ఉన్నారు. దాన్ని తీయించెయ్యండి. డిమ్‌లో ఉంటే చాలు, వెలగనివ్వండి.