మీర్ ఆలం చెరువు చెప్పే జీవావరణ పాఠం

ఏ జీవీ ఒంటరిగా మనజాలదు. ఈ సత్యాన్ని మన పాతనగరంలో, జంతు ప్రదర్శనశాల ప్రక్కనున్న మీర్ ఆలం చెరువు వద్దనే మనం నేర్వవచ్చు. 21 కమానుల ఆనకట్ట గల ఈ చెరువు ఒకప్పుడు నగరానికి త్రాగునీరిచ్చింది. ఇటీవలి కాలంలో గుర్రపు డెక్క దీనిని పలుమార్లు కప్పివేసింది.

దక్షిణ అమెరికాలో పుట్టిన ఈ మొక్క, పరిస్థితులు అనుకూలిస్తే సుమారు రెండు వారాలలో రెట్టింపు కాగలదు. ఎకరం రెండగును, రెండు నాలుగగును. ఎనిమిదవ రెట్టింపునకు, అనగా నాలుగు నెలలలోపే, 256 ఎకరాలు! చెరువు సగం నిండినదని మనం గుర్తించేనాటికి మిగిలినది ఒక్క రెట్టింపే.

అయితే ఏ వృద్ధీ అనంతం కాదు. చోటు, వెలుతురు, పోషకాలు చాలినంతవరకే అది సాగుతుంది. ఈ హద్దునే పరిసరాల పోషణ సామర్థ్యం అంటారు. మురుగునీటిలోని నత్రజని, భాస్వరం ఈ హద్దును పెంచుతాయి.

డెక్క ఆకులు వెలుతురును అడ్డగించగా నీటిలోని నాచు క్షీణిస్తుంది, ఇది స్పర్ధ. ప్రాణవాయువు తగ్గి చేపలు చనిపోతాయి. స్వస్థలంలో ఈ మొక్కను తిని అదుపుచేసే ముక్కుపురుగులు మన దేశంలో లేకుండెను. 1980వ దశకంలో వాటిని తెప్పించి వదిలారు.

ఎంత ఏరివేసినా, మురుగు ఆగనిదే, మిగిలిన గుప్పెడు మొక్కలే మరల చెరువును కప్పగలవు. కనుక మన ఇంటి మురుగు ఎక్కడికి చేరుచున్నదో తెలుసుకొనుటే ఈ పాఠంలో మన మొదటి అభ్యాసం.