యాప్‌కి ముందు మన వీధిలో పరీక్ష పెట్టండి

వచ్చే నెల మన డిపార్ట్‌మెంట్ హైదరాబాద్ యాత్రలో దారి చూపించే పని నాకు అప్పగించారు. 26 మందిమి, శుక్ర శని వారాలు. ఏ యాప్ నమ్ముకుని వెళ్లాలో తేల్చి అందరికీ అర్థమయ్యేలా గోడపత్రికకి రాయమన్నారు మేడమ్. నన్నే ఎందుకు ఎంచుకున్నారో తెలీదు. యాప్‌ని నమ్మి రైలు తప్పించిన చరిత్ర నాది.

పోయిన ఏడాది మా పెద్దమ్మని విజయవాడ రైలు ఎక్కించడానికి హూడి నుంచి బయల్దేరాం. టికెట్ మీద స్టేషన్ పేరు సర్ ఎం. విశ్వేశ్వరయ్య టెర్మినల్. ఫోన్‌లో "విశ్వేశ్వరయ్య స్టేషన్" అని కొట్టాను. పర్పుల్ లైన్ మెట్రో ఎక్కి నేరుగా వెళ్లమంది. వెళ్లాం. దిగి చూస్తే సెంట్రల్ కాలేజ్ దగ్గర ఉన్నాం. అక్కడి మెట్రో స్టేషన్ పేరు కూడా సర్ ఎం. విశ్వేశ్వరయ్యే! రైళ్లు బయల్దేరే టెర్మినల్ ఉన్నది బైయప్పనహళ్లిలో. అంటే దాన్ని దాటేసి ఎనిమిది స్టేషన్లు ముందుకొచ్చాం. వెనక్కి ఆటోలో పడి వెళ్లేసరికి రైలు లేదు. పెద్దమ్మ కోప్పడలేదు, "ఆ పూలమ్మే ఆమెని అడిగినా చెప్పేది కదే" అంది అంతే. ఆ మాట ఇప్పటికీ గుచ్చుతుంది.

తప్పు యాప్‌దని అనలేను. నేను అడిగిన పేరుకి అది సరైన జవాబే ఇచ్చింది. రెండు చోట్లకి ఒకే పేరుందని దానికి చెప్పాల్సిన పని లేదనుకుంది, నాకు తెలీదు. బెంగళూరులో ఇది ఒక్కటే కాదు. కెంపేగౌడ అని కొట్టి చూడండి: మెజెస్టిక్ మెట్రో స్టేషన్ నాదప్రభు కెంపేగౌడ, పక్కనున్న బస్టాండు కెంపేగౌడ, 30 కిలోమీటర్ల పైన ఉన్న విమానాశ్రయం కూడా 2013 నుంచి కెంపేగౌడే. మెజెస్టిక్ దగ్గరి రైల్వే స్టేషన్ మాత్రం సంగొళ్లి రాయణ్ణ. కొత్తగా వచ్చిన మనిషికి తల తిరగదా?

అందుకే నాకు తోచిన పద్ధతి ఇది. తెలియని ఊళ్లో యాప్‌ని నమ్మే ముందు, జవాబు మనకి ముందే తెలిసిన చోట దాన్ని అడగాలి. నేను హూడిలో అడిగాను.

మొదటి పరీక్ష పేరు. మా ఇంట్లో అమ్మ కన్నడ, నాన్న తెలుగు, ఫోన్ ఇంగ్లిష్. వట్టి "హూడి" అని వెతికితే మా ఊరి కంటే ముందు తలకి టోపీ కుట్టిన చొక్కాలు వస్తాయి! సరే, అది దుకాణాల గోల. కానీ కన్నడలో 'పాళ్య' అని ఉన్నది ఇంగ్లిష్‌లోకి వెళ్లి తెలుగులోకి తిరిగొచ్చేసరికి 'పల్య' అయిపోతుంది. ళ పోయింది, దీర్ఘమూ పోయింది. గూగుల్ మ్యాప్స్ 2021లో పది భారతీయ భాషల్లో చోట్ల పేర్లని ఆ లిపిలోకి తనంతట తానే మార్చి చూపించడం మొదలుపెట్టింది, అందులో తెలుగు ఉంది. మంచి పనే. అయినా అక్షరం మారితే వెతుకులాట తప్పొచ్చు కాబట్టి ఇంగ్లిష్‌లోనూ ఒకసారి కొట్టి, రెండూ ఒకే చుక్క మీద వాలుతున్నాయో లేదో చూస్కోండి. హలసూరు, అల్సూర్ అని రెండు పేర్లతోనూ వెతకండి. రెంటికీ ఒకే చోటు చూపిస్తే ఆ యాప్ పాస్.

రెండోది, దాని సమాచారం ఎప్పటిది? ఇక్కడ కాస్త లోపలి సంగతి తెలియాలి. బస్సు, మెట్రో వివరాలు యాప్‌కి ఎక్కువగా జీటీఎఫ్‌ఎస్ అనే పద్ధతిలో అందుతాయి. 2005లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ రవాణా సంస్థ ట్రైమెట్, గూగుల్ కలిసి మొదలుపెట్టిన పద్ధతి అది. చూడ్డానికి మామూలు పట్టికలే: స్టాపు పేరు, అది ఉన్న చోటు, ఏ బండి ఎన్నింటికి వస్తుంది. పట్టిక పాతదైతే యాప్ ఎంత అందంగా ఉన్నా చెప్పేది పాతదే. హూడి మెట్రో 2023 మార్చిలో మొదలైంది కానీ కె.ఆర్. పుర నుంచి బైయప్పనహళ్లికి ఆ అక్టోబర్ 9 దాకా రైలు లేదు, మధ్యలో బస్సు ఎక్కాలి. ఆ ఏడు నెలల్లో పట్టిక తాజాగా లేని యాప్ ఎవర్నైనా సగం దారిలో దింపేసేదే. ఇంకోటి, "బస్సు 4 నిమిషాల్లో" అని కనిపిస్తే అది నిజంగా బస్సులోని జీపీఎస్ చెబుతున్నదా, పట్టికలోని టైమా అని చూడాలి. రెండోదైతే అది ఆశ మాత్రమే.

మా హూడిలో రైల్వే స్టేషన్ కూడా ఉంది. ఎక్కువ రైళ్లు ఆగకుండా వెళ్లిపోతాయి. స్టేషన్ దగ్గర్లో ఉంది కదా అని దారి చూపించి, తర్వాతి రైలు ఎప్పుడో చెప్పని యాప్‌ని నేను తీసేశాను.

మూడోది డబ్బు. దీని గురించి ఎవరూ మాట్లాడరు. కర్ణాటకలో శక్తి పథకం 2023 జూన్ 11 నుంచి ఉంది, ఈ రాష్ట్రం అమ్మాయిలకి మామూలు బస్సుల్లో టికెట్ సున్నా. నా పక్కన కూర్చునే హిందూపురం అమ్మాయిది ఆంధ్రా ఆధార్, ఆమె టికెట్ కొనాలి. ఆంధ్రాలో స్త్రీశక్తి 2025 ఆగస్టు 15న వచ్చింది, అక్కడ ఆమెకి ఉచితం, నాకు కాదు. తెలంగాణలో మహాలక్ష్మి 2023 డిసెంబర్ 9 నుంచి, అదీ ఆ రాష్ట్రం వాళ్లకే. ఒకే బెంచీలో ఇద్దరం, ఒకే బస్సు, రెండు ధరలు. నేను చూసిన ఏ యాపూ నీ ఆధార్ ఏ రాష్ట్రానిదని అడగలేదు. త్వరగా చేరే దారి చూపిస్తుంది, మనకి పైసా ఖర్చులేని దారి చూపించదు. చేతిలో నెలకింతని ఉన్నవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

నడక గురించి కూడా ఇంతే. "6 నిమిషాల నడక" అంటుంది. ఆ 6 నిమిషాల్లో ఫుట్‌పాత్ ఉందా, లైట్లున్నాయా, రాత్రి 8 తర్వాత కొట్లు తెరిచి ఉంటాయా? ఇంట్లో అమ్మ అడిగేది అదే, యాప్‌కి తెలియనిదీ అదే. ఉన్న చోటు ఇంటికి పంపించే సదుపాయం ఉన్న యాప్‌కే నా ఓటు.

ఇప్పుడు హైదరాబాద్. అక్కడ నాకు దారులు తెలియవు కానీ జవాబు తెలిసిన ప్రశ్నలు రెండున్నాయి. రోజువారీ ప్రణాళిక తనే వేసిచ్చే యాప్‌లు మూడింటిని అవే అడిగాను. ఒకటి మన శుక్రవారానికి సాలార్‌జంగ్ మ్యూజియం పెట్టింది. శుక్రవారం దానికి సెలవు! ఇంకోటి చార్మినార్ మెట్రో స్టేషన్‌లో దిగమంది. అలాంటి స్టేషన్ ఇప్పటికి లేదు, ఎంజీబీఎస్‌లో దిగి బస్సో ఆటోనో చూసుకోవాలి. మూడోది రెండూ సరిగ్గా చెప్పి గోల్కొండకి అరగంట ఇచ్చింది. కోట పైదాకా ఎక్కాలని దానికెవరూ చెప్పలేదేమో.

కాబట్టి ప్రణాళిక మనమే కాగితం మీద వేసుకుంటాం. సాలార్‌జంగ్ శనివారానికి మార్చాను. దారికి గూగుల్ మ్యాప్స్, రైలు ఎక్కడుందో చూడ్డానికి రైల్వే వాళ్ల ఎన్‌టీఈఎస్, సిటీ బస్సుకి అక్కడి ఆర్టీసీ 2023లో తెచ్చిన 'గమ్యం'. పేరు మన డిపార్ట్‌మెంట్‌కి నచ్చుతుందని కాదు, బస్సు ఎక్కడుందో చూపించడానికి. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేస్కోండి, కానీ నెట్ లేకపోతే అందులో బస్సు, మెట్రో దారులు రావు, కాబట్టి వాటికి స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి. మనం దిగేది కాచిగూడ. సికింద్రాబాద్, నాంపల్లి, 2025 జనవరిలో కొత్త టెర్మినల్ వచ్చిన చర్లపల్లి కాదు. ఇంట్లో వాళ్లకి స్టేషన్ పేరు పూర్తిగా రాసి పంపండి.

తెలంగాణ ఆధార్ ఉన్నవాళ్లు సోమవారంలోపు నాకు పేరివ్వండి, బస్సు ఖర్చు లెక్క వెయ్యాలి.